జియోమార్ఫాలజీ పుస్తకంలో హైడ్రాలజీ: ఉన్న నాలుగు పేజీలు ఎలా మార్చాలి?

వాగుఒడ్డు
డిగ్రీ పిల్లలకి జియోమార్ఫాలజీ (నేల రూపాల శాస్త్రం) చెబుతాను. మేం వాడే పుస్తకాన్ని తిరగరాయాలని నలుగురం కూర్చుంటే నా వాటాకి హైడ్రాలజీ (నీటి శాస్త్రం) వచ్చింది. ఇప్పుడున్నది నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా జలచక్రం బొమ్మ: సముద్రం, మబ్బు, కొండ, బాణాలు. ఆ తర్వాత బాష్పీభవనం, బాష్పోత్సేకం, ఇంకుదల, ఉపరితల ప్రవాహం, ఒక్కోదానికి రెండేసి లైన్ల నిర్వచనం. అధ్యాయం అయిపోయింది. పేజీ తిప్పితే నదీ కార్యాలు: వి ఆకారపు లోయ, జలపాతం, మియాండర్ (నది వంపు), డెల్టా. ఆ నిర్వచనాలకీ ఈ లోయలకీ ఏమిటి సంబంధమో ఎక్కడా ఒక్క వాక్యం లేదు. పిల్లలు రెండూ బట్టీ పట్టి పాసవుతున్నారు. ఒకే వానకి ఈ చేలో ఒర్రె పడింది, పక్క చేలో పడలేదు, ఎందుకు అని అడిగితే మాత్రం ఎవరూ నోరు మెదపరు.

ఏం తీసెయ్యాలి, ఏం పెట్టాలి? లెక్కలు ఎంతవరకు పెట్టొచ్చు? మా వాళ్ళలో సగం మంది ఇంటర్‌లో ఆర్ట్స్ చదివినవాళ్ళే.

గ్రూప్స్_గోల
జలచక్రం బొమ్మ మాత్రం తీసెయ్యకండి మేడమ్, ఖాయంగా ఐదు మార్కులొచ్చేది అదొక్కటే.

రేగడి_చేను
బొమ్మ ఉంచండి, దాంతో మొదలుపెట్టకండి. చినుకు నేల మీద పడ్డాక ఏమవుతుంది అన్న దగ్గర మొదలుపెట్టండి. వాటర్‌షెడ్ పనుల్లో ఉన్నప్పుడు మేం రైతులకి ఇలా చూపించేవాళ్ళం. పాత నూనె డబ్బా రెండు పక్కలా మూతలు కోసేసి, చెక్క అడ్డం పెట్టి, నేలలోకి నాలుగు వేళ్ళ లోతు దిగ్గొట్టాలి. లోపల స్కేలు నిలబెట్టి నీళ్ళు పోసి, నిమిషానికోసారి ఎంత దిగిందో రాసుకోవాలి. ఎర్ర చెలకలో మొదట గబగబా తాగేస్తుంది, పోనుపోను నెమ్మదిస్తుంది, చివరికి ఒకే వేగం మీద నిలబడుతుంది. ఎండిన నల్లరేగడిలో అయితే స్కేలు చూసే లోపే డబ్బా ఖాళీ, నీళ్ళన్నీ బీటల్లోకి పోతాయి. కాసేపటికి మట్టి ఉబ్బి బీటలు మూసుకుపోయాక పోసిన నీళ్ళు పోసినట్టే నిలుస్తాయి. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ళు కూడా అక్కడ వంగి చూస్తారు.

ఆ అంకెలతో గ్రాఫ్ గీస్తే హోర్టన్ 1933లో చెప్పిన ఇంకుదల రేఖ అదే వస్తుంది. వాన కురిసే వేగం నేల తాగే వేగాన్ని దాటిందా, మిగిలిన నీరు పారుతుంది. చెలకలో చినుకుల దెబ్బకి పైమట్టి పెచ్చు కట్టిందంటే ఆ దాటడం ఇంకా తొందరగా జరుగుతుంది. మీ ఒర్రె ప్రశ్నకి జవాబు సగం ఇక్కడే ఉంది. పక్క చేలో గడ్డి కప్పు ఉండుంటుంది, లేదా వాలుకి అడ్డంగా దున్ని ఉంటారు.

బోరుబావి
డబ్బా ప్రయోగం బ్రహ్మాండం. కానీ హోర్టన్ దగ్గరే ఆపేస్తే పుస్తకం 1933 దాటదు. మన పుస్తకాలన్నిటి జబ్బూ అదే: వాన ఎక్కువైతే వాలు అంతటా పొరలా నీరు పారుతుందని రాసేస్తారు. మారేడుమిల్లి అడవిలో వానలో నిలబడి చూడండి, వాలు మీద నీరు పారడం ఎక్కడా కనపడదు. ఆకుల కింది మట్టి ఎంత వానైనా తాగేస్తుంది. అయినా వాగు పొంగుతుంది. ఎక్కణ్ణుంచి?

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో డన్, బ్లాక్ అనే ఇద్దరు 1970లో తేల్చింది ఇదే. వాగు అంచులు, వాలు కింది పల్లాలు ముందే తడిసి ముద్దై ఉంటాయి. అక్కడ పడిన చినుక్కి దిగే చోటుండదు, అది నేరుగా పారుతుంది. వాన కొనసాగే కొద్దీ ఆ ముద్దైన మేర పెరుగుతుంది, ఆగాక కుంచించుకుపోతుంది. అంతకు ముందే హ్యూలెట్ అడవి వాలుల మీద మట్టిలోపలి ప్రవాహం గురించి ఇలాంటి మాటే చెప్పాడు. అంటే నీరు పుట్టే చోటు స్థిరంగా ఉండదు.

జియోమార్ఫాలజీకి ఇదెందుకంటే, బోడి చెలకలో కోత వాలు మధ్యలోనే మొదలై చిన్న చిన్న చాళ్ళు పడతాయి. అడవిలో కోత ఊట దగ్గర, పల్లం మొదట్లో మొదలవుతుంది. నీరు పుట్టే తీరు వేరైతే నేల రూపమూ వేరు. మీరు అడిగిన 'సంబంధం' ఇదేనండీ.

వాగుఒడ్డు
@బోరుబావి గారూ, నాకు కావలసింది సరిగ్గా ఇదే. రెండు వాలులు పక్కపక్కనే గీసి, ఒకే వాన రెండింటి మీదా పడితే ఏమవుతుందో చూపిస్తే జలచక్రం బొమ్మకంటే బాగుంటుంది కదా?

పాతఇంజనీరు
బొమ్మలు సరే, అంకెలేవి? 'ప్రవాహం ఎక్కువైతే కోత ఎక్కువ' అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఎంత ఎక్కువైతే ఎంత, అన్నది ఉండదు. ముందు క్యూసెక్కు అంటే ఏమిటో చెప్పండి. పేపర్లో రోజూ చదివే మాట, డిగ్రీ అయినవాణ్ణి అడిగితే తెలీదంటాడు. సెకనుకి ఒక ఘనపుటడుగు. అలాంటివి 35.3 కలిస్తే ఒక క్యూమెక్కు, అంటే సెకనుకి ఒక ఘనపు మీటరు. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే ధాటిన రోజంతా పారిందనుకుంటే 216 టీఎంసీలు. 312 టీఎంసీల నాగార్జునసాగర్ ఖాళీగా ఉంటే రోజున్నరలో నిండిపోతుంది. ఈ లెక్క ఆర్ట్స్ పిల్లలు కూడా చేస్తారు, ఉన్నదల్లా గుణకారం, భాగహారం.

తర్వాత వెడల్పుని సగటు లోతుతో, దాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం. తర్వాత ప్రవాహాన్ని వాటంతో (నది వాలుతో) గుణిస్తే నది చేతిలో ఎంత బలం ఉందో తెలుస్తుంది. ఈ మూడూ లేకుండా నదీ కార్యాలు చెప్పడం దండగ.

గ్రూప్స్_గోల
బాబాయ్, మూడో లైను దగ్గరే నేను క్లాసులోంచి లేచి వెళ్ళిపోయా.

పాతఇంజనీరు
@గ్రూప్స్_గోల నీకు ఇరిగేషన్ మీద ప్రశ్న వచ్చినప్పుడు కనపడు, మాట్లాడదాం.

సోషల్_మాస్టారు
నాకు ఈ ధోరణి నచ్చట్లేదు. జియోమార్ఫాలజీ పుస్తకం ఇంజనీరింగ్ పుస్తకం కాదు. డేవిస్ 1899లో చెప్పిన క్షయ చక్రం, యౌవనం, ప్రౌఢం, వార్ధక్యం, ఎంత అందంగా ఉంటుంది! పదో తరగతి పిల్లాడికైనా ఒక్క గంటలో నది కళ్ళకి కడుతుంది. పై దశలో వేగం, కోత. కింది దశలో నిదానం, మేట. దాన్ని తీసేసి క్యూసెక్కులు పెడితే పిల్లలు పారిపోతారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి అంటున్న మాట.

టెక్సాస్_బాబాయ్
మాస్టారూ, కోప్పడకండి, చిక్కంతా ఆ అందంతోనే వస్తోంది. 'కింది దశలో నిదానం' అన్నది కొలిచి చెప్పిన మాట కాదు, చూసి అనుకున్న మాట. లియోపోల్డ్ 1953లో అమెరికా నదుల గేజింగ్ లెక్కలు తీస్తే, సగటు వేగం కిందికి పోయే కొద్దీ తగ్గలేదు సరికదా, చాలాచోట్ల కాస్త పెరిగింది. వాటం తగ్గే మాట నిజమే, కానీ లోతు పెరుగుతుంది, అడుగున బండలు పోయి ఇసుక వస్తుంది, రాపిడి తగ్గుతుంది. కొండవాగు రాళ్ళకి కొట్టుకుని నురగలు కక్కుతుంది కాబట్టి మనకి వేగంగా కనపడుతుంది. నేను చదువుకున్నప్పుడు కూడా మాస్టారు చెప్పినట్టే చెప్పారు, ఇక్కడికొచ్చి కరెంట్ మీటర్ చేతబట్టాక గానీ నమ్మకం కుదరలేదు.

లంకవాసి
వరదలో గోదారి నిదానం అనేవాణ్ణి ఆగస్టులో మా లంకకి తీసుకురండి, పడవెక్కించి పంపిస్తాం.

ఇంకో సంగతి. డేవిస్ లెక్కన ఇరుకు లోయలు నది పుట్టిన చోట ఉండాలి. మాకు పాపికొండలు ఎక్కడున్నాయి? త్ర్యంబకం దగ్గర పుట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచాక, ఇంకాస్త దూరంలో సముద్రం ఉందనగా, తూర్పు కనుమల మధ్య ఇరుక్కుంటుంది. పోలవరం దాటగానే ఒళ్ళు విరుచుకుని రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పవుతుంది. అంటే గోదారి ముసలిదై మళ్ళీ పడుచుదయ్యిందా మాస్టారూ?

సోషల్_మాస్టారు
గట్టి రాయి అడ్డొస్తే ఇరుకవుతుంది, అది డేవిస్ కూడా కాదనలేదు. రాయి, ప్రక్రియ, దశ, ఈ మూడూ కలిపే ఆయన చెప్పాడు. మనవాళ్ళు దశ ఒక్కటీ పట్టుకుని మిగతా రెండూ వదిలేశారు. తప్పు ఆయన మీద వెయ్యకండి.

టెక్సాస్_బాబాయ్
దాన్ని మాత్రం ఒప్పుకుంటున్నా. అయితే ఆ మాటే పుస్తకంలో రాయించండి.

వాగుఒడ్డు
డేవిస్‌ని తీసెయ్యను మాస్టారూ, నీళ్ళ అధ్యాయంలోంచి జరిపి చరిత్ర అధ్యాయంలో పెడతాను. పాపికొండల ప్రశ్నని @లంకవాసి గారి మాటల్లోనే అభ్యాసంలో పెట్టాలనుంది.

బోరుబావి
భూగర్భ జలం సంగతి ఎవరూ ఎత్తలేదు. పుస్తకాల్లో అది సున్నపురాయి గుహల అధ్యాయంలో వస్తుంది, అదీ పాత యుగోస్లావియా కార్స్ట్ ఉదాహరణలతో. బెలూం, బొర్రా మనకి పెట్టుకుని! బెలూం గుహల్లో మూడు కిలోమీటర్లకు పైగా దారులున్నాయి, నీరు సున్నపురాయిని కరిగించి చేసిన పనే అదంతా.

అయినా గుహలకంటే ముందు వాగు కావాలి. వానలు ఆగి రెండు నెలలైనా వాగులో సన్నగా నీరు పారుతుంటుంది, అదెక్కడిది? ఆ సంగతి చెప్పడానికి చెలమకి మించిన పాఠం లేదు. వేసవిలో ఎండిన వాగులో మూరెడు ఇసుక తోడితే నీరు ఊరుతుంది. ఊరి ఊరి ఎక్కడ ఆగుతుందో అదే అక్కడి నీటి మట్టం. వాగు పొడవునా దూరదూరంగా రెండు చెలమలు తవ్వించండి. తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ పైపు తెప్పించి రెండు మట్టాలూ పోల్చి చూడమనండి. ఎగువ చెలమలో మట్టం ఎత్తున ఉంటుంది. పైకి ఎండిపోయినట్టున్న వాగు ఇసుక కింద పారుతూనే ఉంటుంది. డార్సీ 1856లో ఇసుక గొట్టాల్లో నీళ్ళు పోసి తేల్చింది ఈ వాటం సంగతే: వాటం రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు. సూత్రం ఆ తర్వాత రాయొచ్చు.

తెలంగాణ, రాయలసీమ గ్రానైట్ నేలల గురించి విడిగా ఒక పేజీ పెట్టండి. ఇక్కడ నీరు ఉండేది పైనున్న శిథిల పొరలో, కింద పగుళ్ళలో. ఆ పొర నుంచి మనకి వదిలే నీరు దాని పరిమాణంలో రెండు మూడు శాతం. రెండు శాతం అనుకుంటే, 10 మిల్లీమీటర్ల నీరు ఇంకితే బావిలో మట్టం అర మీటరు లేస్తుంది. చూసినవాళ్ళు ఆహా అంటారు. తోడటం మొదలుపెడితే అంతే తొందరగా పడిపోతుంది. బోరు వేసి అప్పులపాలైన ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకి ఇది చెప్పకుండా యుగోస్లావియా చెప్పడమేమిటి?

రేగడి_చేను
ఈ చివరి పేరా యథాతథంగా పుస్తకంలోకి పోవాలి.

మ్యాపులపిచ్చి
వరదల భాగం కూడా చూడండి. '100 ఏళ్ళ వరద' అనగానే నూరేళ్ళకోసారే వస్తుందనుకుంటారు, మొన్న వచ్చింది కాబట్టి ఇక మన కాలంలో రాదని ఇల్లు కట్టేస్తారు. ఏటా నూటికి ఒక వంతు అవకాశం అని దాని అర్థం. ఇంటి మీద 30 ఏళ్ళ లోను తీసుకుంటే, ఆ లోను తీరేలోపు కనీసం ఒక్కసారి ఆ వరద వచ్చే అవకాశం 26 శాతం.

క్లాసులో చెయ్యడం తేలిక. ఒక గేజీ స్టేషన్‌లో ఒక్కో ఏడాది గరిష్ఠ మట్టం తీసుకుని పెద్దదాని నుంచి చిన్నదానికి వరస పెట్టండి. మొత్తం ఏళ్ళకి ఒకటి కలిపి, వరస సంఖ్యతో భాగిస్తే ఎన్నేళ్ళకోసారి అన్నది వస్తుంది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

లంకవాసి
భద్రాచలం పెట్టండి. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3. మా ఇళ్ళలో ఏ సంగతి చెప్పినా 86 వరదకి ముందా తర్వాతా అనే చెబుతారు.

పాతఇంజనీరు
భద్రాచలం మంచి ఉదాహరణ, హైడ్రోగ్రాఫ్‌కి (నీరు గంట గంటకీ ఎలా పెరిగి తగ్గిందో చూపే గ్రాఫ్‌కి) కూడా. పైన శ్రీరామసాగర్‌లోకి పెద్దగా నీరు రాకపోయినా భద్రాచలం మునగొచ్చు. ఎందుకంటే మధ్యలో ప్రాణహిత, ఇంద్రావతి కలుస్తాయి. గోదావరి పరీవాహకంలో మూడో వంతు ఒక్క ప్రాణహితదే. కింద కూనవరం దగ్గర శబరి కూడా పొంగితే భద్రాచలంలో నీరు తొందరగా తీయదు. భద్రాచలంలో వరద శిఖరానికి వచ్చాక ధవళేశ్వరంలో శిఖరానికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. రెండు చోట్ల గంట గంటకీ మట్టాలు పేపర్లో వస్తాయి, రెండు గ్రాఫులు ఒకే కాగితం మీద గీయిస్తే చాలు. పుస్తకంలో ఊరూ పేరూ లేని ఊహా నదికి గీసిన హైడ్రోగ్రాఫ్ ఎవడికి కావాలి?

బెజవాడ_గట్టు
శబరితో ఎదురు పోటు (కింద నీరు నిండి పై నీటిని ఆపెయ్యడం) సంగతి వచ్చింది కాబట్టి, మా విజయవాడ బుడమేరుని వదలకండి. దాని సహజమైన దారి కొల్లేటికి. వరద తగ్గించడానికి వెలగలేరు దగ్గర నుంచి మళ్ళింపు కాలువ తవ్వి కృష్ణలోకి కలిపారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలువ ఎటు పోవాలి? 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అదే సమయంలో బుడమేరు కట్టలకి గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ మునిగింది. మా మేనమామ గారింట్లో ఫ్రిజ్ తేలుతూ కనపడింది. జలచక్రం బొమ్మలో మనిషి ఉండడు, కాలువ ఉండదు, కట్ట ఉండదు, ఇల్లుండదు. మా ఊరి మ్యాప్ పెట్టి 'నీరు ఎటు పోవాలనుకుంటోంది, మనం ఎటు పొమ్మన్నాం' అని అడగండి చాలు.

టెక్సాస్_బాబాయ్
@మ్యాపులపిచ్చి వరద లెక్క దగ్గరే ఆపకుండా, ఏ వరద నది రూపాన్ని దిద్దుతుంది అన్నది కూడా చేర్చితే పాఠం జియోమార్ఫాలజీలోకి వస్తుంది. వోల్మన్, మిల్లర్ 1960లో అన్నది: ఎక్కువ మట్టిని మోసేది ఎప్పుడో వచ్చే మహా వరద కాదు, రోజూ పారే నీరూ కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఒడ్ల దాకా వచ్చే మధ్య రకం వరద.

బోరుబావి
మన నదులకి అది అచ్చంగా వర్తించదు బాబాయ్. ఏడాది నీరంతా నాలుగు నెలల్లో పారే చోట లెక్క మారుతుంది. నర్మద, తాపి లోయల మీద జరిగిన పనిలో, ముఖ్యంగా రాతి గట్ల మధ్య పారే భాగాల్లో, పెద్ద వరదలదే పెద్ద చెయ్యి అని తేలింది. పుస్తకంలో రెండూ పెట్టి, తేడా ఎందుకని అడిగితే మంచి ప్రశ్న.

టెక్సాస్_బాబాయ్
ఒప్పుకోను, కానీ ప్రశ్నగా పెట్టడానికి అభ్యంతరం లేదు. డెల్టాల్లో మధ్య రకం వరదలే ఎక్కువ పని చేస్తాయని నా అభిప్రాయం.

లంకవాసి
డెల్టా అంటున్నారు కాబట్టి: పుస్తకంలో డెల్టా ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. మా ఉప్పాడ వెళ్ళి చూస్తే సముద్రం రోడ్డుని కొరికేస్తోంది. తీరపు అలల సంగతి ఒకటుంది, పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం ఇంకొకటి. నీటితో పాటు మట్టి లెక్క కూడా రాయకపోతే అధ్యాయం సగమే.

రేగడి_చేను
మట్టి లెక్కలో ఒక తమాషా. సన్న ఇసుకని నీరు తేలిగ్గా లేపుకుపోతుంది, దానికంటే ఎంతో సన్నమైన బంకమట్టిని లేపాలంటే ఎక్కువ వేగం కావాలి, అంటుకుని ఉంటుంది కనక. ఒకసారి లేచిందా, ఇక దాదాపు ఆగిన నీటిలో తప్ప దిగదు. హ్యుల్‌స్ట్రోమ్ 1935లో గీసిన గ్రాఫ్ ఇదే. చెరువు పూడికలో తూము దగ్గర బంకమట్టి, వాగు దిగే చోట ఇసుక ఎందుకుంటాయో దీంతో అర్థమవుతుంది. మిషన్ కాకతీయలో పూడిక తోలుకున్న రైతు ఎవరినడిగినా ఏ మట్టి ఎక్కడ దొరుకుతుందో చెబుతాడు.

గ్రూప్స్_గోల
ఇన్ని పెడితే అది నాలుగు పేజీలా, నలభై పేజీలా? పరీక్షలో మాత్రం 'జలచక్రాన్ని పటం సహాయంతో వివరింపుము' అనే వస్తుంది. ప్రశ్నపత్రం మారకుండా పుస్తకం మార్చి ఏం లాభం? నవ్వులాటకి అనట్లేదు ఈసారి.

సోషల్_మాస్టారు
ఈ కుర్రాడు చెప్పింది నిజం. పేపరు సెట్ చేసేవాళ్ళు పాత పేపర్లు చూసే కొత్త పేపరు రాస్తారు. ప్రతి అధ్యాయం చివర పరీక్షలో అడగదగ్గ ప్రశ్నలు మీరే పది రాసిపెట్టండి, వాళ్ళకి పని తప్పుతుంది కాబట్టి అవే ఎత్తి రాస్తారు. అనుభవంతో చెబుతున్నా.

వాగుఒడ్డు
మాస్టారూ, ఈ ఉపాయం బంగారం. పేజీలు పన్నెండు దాటవు, అంతకంటే ఎక్కువ ఇవ్వలేమన్నారు. అందుకని డబ్బా ప్రయోగం, రెండు వాలులు, చెలమ, గ్రానైట్ పేజీ, భద్రాచలం గ్రాఫులు, బుడమేరు మ్యాప్. వీటి మధ్యలోనే నిర్వచనాలు వచ్చేస్తాయి, విడిగా జాబితా ఉండదు. ప్రవాహాన్ని వాటంతో గుణించడం వరకు లెక్కలు. దీని తర్వాతే లోయలూ మియాండర్లూ. హ్యుల్‌స్ట్రోమ్ గ్రాఫ్ మేటల అధ్యాయం రాసే ఆయనకి పంపిస్తాను. జలచక్రం బొమ్మ ఉంటుంది, చివరి పేజీలో, కట్టలూ కాలువలూ బోర్లూ గీసి.

ఇంకొకటి మిగిలింది. టోపోషీటు మీద వాగులకి స్ట్రాలర్ పద్ధతిలో (ఒకే వరస వాగులు రెండు కలిస్తేనే అంకె ఒకటి పెరుగుతుంది) వరస అంకెలు వేయించాలనుకుంటున్నా. మా జిల్లాలో అన్నీ గొలుసుకట్టు చెరువులు. వాగు చెరువులోకి దిగి, అలుగు దాటి మళ్ళీ బయల్దేరుతుంది. అక్కడ మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాలా?

మ్యాపులపిచ్చి
వద్దు. రెండో వరస వాగు చెరువులో కలిస్తే అలుగు వాగు కూడా రెండో వరసే. చెరువులోకి ఇంకో రెండో వరస వాగు వస్తేనే మూడు. ఇంకొకటి, అందరి దగ్గరా ఒకే స్కేలు షీటు ఉండాలి. 1:50,000 షీటులో కనపడే చిన్న వాగులు 1:2,50,000లో ఉండవు, ఒకడికి నాలుగో వరస వచ్చిన నది ఇంకొకడికి రెండో వరస అవుతుంది.

పాతఇంజనీరు
వరస అంకె అదే అయినా, చెరువు దాటాక వరద శిఖరం చదునవుతుంది, అది మాటల్లో అయినా చెప్పండి. చెరువుల గొలుసు ఎందుకు కట్టారో అక్కడే తెలుస్తుంది. కట్ట కింద తూము కాలువల్ని మాత్రం వాగులుగా లెక్కెయ్యనివ్వకండి. షీటులో అవీ నీలం రంగులోనే ఉంటాయి, సగం మంది అక్కడే పొరబడతారు. కాంటూరు గీతకి దాదాపు సమాంతరంగా పోతుంటే అది కాలువ, గీతల్ని కోసుకుంటూ దిగుతుంటే వాగు.